పాడుపెట్టిన ఇంట్లో పుస్తకాలు

మా ఇంటి ముందుగది వడ్ల బస్తాల కోసం కట్టింది. దాన్ని పుస్తకాలతో నింపింది మా పెద్దమ్మ. పెద్దమ్మంటే మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న నేను పుట్టకముందే పోయాడు, వాళ్లకి పిల్లల్లేరు, ఆవిడ మాతోనే ఉండిపోయింది. మావాళ్లు కోస్తా నుంచి అశ్వారావుపేట దాటి అడవి అంచుకు వలసొచ్చి పొగాకు వేసుకుంటున్న రోజుల్లో ఆవిడ కొత్తకోడలిగా ఒక ట్రంకుపెట్టె తెచ్చుకుందట. చీరలుంటాయని అందరూ మూగి మూత తీస్తే సగానికి సగం పుస్తకాలు! ఆ రోజు మా నాయనమ్మ పెట్టిన మొహం ఎన్నేళ్లయినా మామూలు కాలేదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది.

ఏ వయసువాళ్లకి కావాల్సింది ఆ వయసుకి ఉండేది ఆ గదిలో. పిల్లలకి రంగుల బొమ్మల మాసపత్రికలు, వాటి నిండా రాజులు, రాక్షసులు, మాట్లాడే చిలకలు. రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకాలు కొన్ని, నున్నటి కాగితం మీద మంచులో నడిచే ఎలుగుబంట్లు. మంచంటే ఏంటో మాకేం తెలుసు, ఆ కాగితాన్ని వాసన చూసి మురిసిపోయేవాళ్లం. ఆడవాళ్లకి వారపత్రికల సీరియళ్లు. మగవాళ్లకి జేబులో పట్టే డిటెక్టివ్ పుస్తకాలు. ఇవి మాత్రం పై అరలో, అట్ట లోపలికి తిప్పి ఉండేవి, ఆ అట్టల మీద బొమ్మలు అలాంటివి. పర్ణశాల వెళ్లినప్పుడు గోనెపట్టా మీద కొన్న శకునాల పుస్తకాలు, పాటల పుస్తకాలు, గొడ్ల జబ్బులకి నాటుమందులు చెప్పే పుస్తకం. ఈ చివరిదాన్ని మా ఊరి రైతులు ఎంత తిప్పారంటే అందులో గేదెల భాగం ఊడిపోయి ఎద్దులు మాత్రం మిగిలాయి.

నాన్న పొగాకు పనిమీద ఖమ్మం వెళ్తే, వదిన అడిగిందని బస్టాండు కొట్టులోంచి ఒకటో రెండో తెచ్చేవాడు. వారపత్రికలు బస్సు కండక్టరు తెచ్చేవాడు. తెచ్చేవాడంటే ఏంటి, బస్సు ఆపకుండా రోడ్డు మీదకి విసిరేసి పోయేవాడు మహానుభావుడు. వానాకాలం బురదలోంచి ఏరుకొచ్చి, ఎండలో ఆరబెట్టుకొని చదివేవాళ్లం. సీరియల్ అయిపోగానే పెద్దమ్మ ఆ పేజీలన్నీ జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, గోనెసూదితో కుట్టేది. దారం ఏదనుకున్నారు? పొయ్యి వేడికి పొగాకు ఆరబెట్టే బ్యారన్లో, ఆకుని కర్రలకి కట్టే పురికొస. అట్టకి సిమెంటు బస్తా కాగితం. అలా కుట్టిన పుస్తకం ఏది తెరిచినా పొగాకు వాసన కొట్టేది. ఆ వాసన లేని పుస్తకం నాకు ఇప్పటికీ ఎందుకో సగం పుస్తకంలా అనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చదువు మొదలయ్యేది. ముందు పిల్లల కథ ఒకటి, తర్వాత పెద్దవాళ్ల సీరియల్. ఆ రోజుల్లో వారపత్రికలన్నీ దయ్యాలతో నిండిపోయి ఉండేవి. పెద్దమ్మ గొంతు పెంచేది కాదు, వణికించేది కాదు, ఉప్పూపప్పూ చెప్పినంత మామూలుగా చదువుకుంటూ పోయేది. అందుకే ఇంకా భయం వేసేది. మంచి పట్టు దగ్గర పేజీ అయిపోతే ఒక్క క్షణం ఆగేది. గదిలో ఊపిరి చప్పుడు కూడా ఉండేది కాదు. అప్పుడు కాగితం తిప్పేది. ఆ చప్పుడుకి మా వెన్నులో చలి పుట్టేది.

వినడానికి వచ్చేవాళ్లలో గూడెం నుంచి ఒకావిడ ఉండేది. మా దగ్గర పొగాకు గ్రేడింగుకి వచ్చేది. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లు. మా కథలు తెలుగులో విని సాయంత్రానికి గూడెంలో తన మాటల్లో చెప్పేదట, అక్కడక్కడ రెండు పులుల్ని కలిపి. "మీ కతలల్ల పులి లేకుంటే మావోళ్లు ఇనరు పెద్దమ్మా," అనేది. పెద్దమ్మ ఆ మాటకి పడీపడీ నవ్వేది.

నవ్వనిది మా నాయనమ్మ ఒక్కతే. ఆవిడకి చదువు రాదు. రాకపోతే పోయె, పక్కవాళ్లు చదివినా ఒళ్లు మంటే. "మొగుడు పోయినదానికి ఈ కథలేంటి, ఊళ్లో ఆడవాళ్లనంతా పోగేసి ఈ కచేరీ ఏంటి," అని రోజూ ఒకసారి అనకపోతే ఆవిడకి తిన్నది అరిగేది కాదు. అలా అంటూనే మధ్యాహ్నం వెనకగదిలో చింతపండు గింజ తీస్తూ కూర్చునేది. కథ పట్టులో పడిందంటే ఆ చేతులు ఆగిపోయేవి. మాకందరికీ తెలుసు, ఎవరమూ అనేవాళ్లం కాదు.

ఒక ఏడు బ్యారన్ కాలుతున్న రోజుల్లో అత్తాకోడళ్ల మధ్య మాటామాటా పెరిగింది. దేనిమీదో నాకు గుర్తులేదు, పుస్తకాల మీద మాత్రం కాదు. నాయనమ్మ కోపం పట్టలేక, పెద్దమ్మ కుట్టుకున్న సీరియల్ ఒకటి తీసుకెళ్లి బ్యారన్ పొయ్యిలో పెట్టేసింది. పెద్దమ్మ చూస్తూ నిలబడింది. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి అత్తగారికి ఎప్పటిలాగే అన్నం పెట్టి మజ్జిగ పోసింది. తిట్టి ఉంటే ఇద్దరికీ తేలిపోయేది. తిట్టకపోవడంతో అది నాయనమ్మ కడుపులో ఉండిపోయింది.

నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో పెద్దమ్మకి జ్వరమొచ్చింది. మా వైపు జ్వరాలు కొత్త కాదు. బిళ్లలకి తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. భద్రాచలం దవాఖానాకి తీసుకెళ్లి తీసుకొచ్చారు. మంచంలో ఉండి కూడా నాచేత చదివించుకునేది, నేను పరిగెత్తితే "నెమ్మదే, ఎవరూ తరమట్లేదు నిన్ను," అనేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకొని పుస్తకాల అల్మారా వైపు చూపించింది.

"అవన్నీ నీవేనే. అడిగినవాళ్లకి ఇవ్వు, వద్దనకు. కానీ నీవి."

ఆ మాట మా అమ్మా విన్నది, నాన్నా విన్నాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులకే, తెల్లవారుతుండగా, పెద్దమ్మ పోయింది.

పురోహితుడొచ్చి పంచాంగం తిప్పి, వేళ్లు మడిచి, ధనిష్ఠ అన్నాడు. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు, దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. తలుపులేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప పెట్టి వెళ్లిపోవాలి. ఉంటే ఇంకో ప్రాణం పోతుందంటారు. అన్ని పుస్తకాలున్న ఇంట్లో చివరికి చెల్లింది ఆయన చేతిలోని పుస్తకం ఒక్కటే.

బియ్యం, గిన్నెలు, మంచాలు బయటికొచ్చాయి. నేను పుస్తకాలు గుండెకి అదుముకొని గుమ్మం దాటబోతే పురోహితుడు ఆపాడు. పోయినావిడకి దేనిమీద మనసుందో అది లోపలే ఉండాలట. బయటికి తెస్తే దాని వెనకాలే ఆవిడా వస్తుందట. "రానీ," అన్నాను నేను. చెంప చెళ్లుమంది. కొట్టింది అమ్మ. నాయనమ్మ నా చేతుల్లోంచి ఒక్కొక్క పుస్తకం లాగి అల్మారాలో పెట్టింది, ఏది ఎక్కడిదో తెలియక తలకిందులుగా. నాన్న వచ్చి అవన్నీ సరిచేసి తాళం వేశాడు.

బ్యారన్ పక్కన ఆకు గ్రేడింగు చేసే రేకుల షెడ్డులోకి మారాం. పగలు రేకులు కాలిపోయేవి, ఏది తిన్నా పొగాకు ఘాటే. నాకు అవేవీ పట్టలేదు. నాకున్న దిగులల్లా వానాకాలం. మాది పెంకుటిల్లు. కోతులు తొక్కి పగలగొట్టిన పెంకులు ఏటా వానలకి ముందే మార్పించేవాళ్లు. ఆ ఏడు ఎవరు ఎక్కుతారు? పాడుపెట్టిన ఇంటి కప్పు మీద కాలు పెట్టేవాడు ఎంత కూలి ఇచ్చినా దొరకడు. సరిగ్గా అల్మారా ఉన్నవైపు ఒక పెంకు జారిపోయి ఉండటం రోడ్డు మీద నుంచే నాకు కనపడేది. వాన పడితే ఆ నీళ్లు ఎక్కడ పడతాయో తెలుసు. నావి, పెద్దమ్మ నాకిచ్చినవి, కళ్లెదురుగా నాని ముద్దయిపోతాయి. నేను బయట నిలబడి చూస్తుండాలి.

నాన్న చెవిలో ఇల్లు కట్టుకొని పోరాను. అన్నం మానేశాను. మా నాన్న మెత్తటి మనిషి, పైగా వదినంటే ఆయనకి ప్రాణం. చివరికి ఒకరోజు, ఆకాశం నల్లబడుతుంటే, "సరేలేవే, పెరటి కిటికీ ఊచలు పీకి నేనే తెస్తా. బ్యారన్ అటక మీద పెడదాం. నాయనమ్మకి చెప్పకు," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆయన గునపం వెతుక్కుంటుంటే గూడెం ఆవిడ పరుగున వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అయ్యా, లోపల పెద్దమ్మ సదువుతున్నది."

"ఏం మాట్లాడుతున్నావ్?"

"నీడకని మీ అరుగు మీద కూసున్న. గిట్ల కాగితం తిప్పుతున్న సప్పుడు. అవ్, నాకు పిచ్చే అనుకోండ్రి. వచ్చి ఇనండ్రి."

వెళ్లాం. గుమ్మానికి కంప అలాగే ఉంది. అరుగు మీద ఎండుటాకులు, మేకల పెంటికలు. ఊరంతా పొలాల్లో ఉంది, కాకి కూడా అరవట్లేదు. నాన్న గోడకి చెవి ఆనించాడు. నేనూ ఆనించాను. మొదట ఏమీ లేదు. తర్వాత లోపల, అల్మారా ఉన్న చోట, కాగితం మీద కాగితం జరిగిన చప్పుడు. ఆగింది. కాస్సేపటికి మళ్లీ. అన్నాలయ్యాక పెద్దమ్మ చదివే వేళ అది. నాన్న మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడటం నేను కళ్లారా చూశాను.

ఎవరు చెప్పారో, నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చేసింది. నాన్న చేతిలో గునపం చూసింది, విషయం అర్థమైపోయింది. నోరు తెరవబోయి, మా వాలకం చూసి, తనూ గోడకి చెవి పెట్టింది. ఆవిడ చెవులు బాగానే పనిచేసేవి, కళ్లకే శుక్లాలు. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత గోడ పట్టుకొని జారి అరుగు మీద కూలబడింది.

"చదువుకుంటోందిరా," అంది.

చావునాడు కూడా ఆవిడ అలా ఏడవలేదు. వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. "ఉన్నన్నాళ్లూ సుఖంగా చదువుకోనిచ్చానా దాన్ని? పొయ్యిలో పెట్టానురా. దాని కళ్లముందే పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు నువ్వు కిటికీ పీకి అవి కూడా లాక్కుపోతావా? పో ఇక్కణ్ణుంచి. పెంకు జారితే జారింది. చదువుకోనీ దాన్ని."

"అమ్మా, పిల్ల పుస్తకాలే అవి..."

"పిల్లకి బోలెడు బతుకుంది. కొనుక్కుంటుంది. దానికేముంది, ఆ గది తప్ప?"

నాన్న గునపం కింద పెట్టేశాడు. నాకు కడుపు మండిపోయింది. ఆవిడెవరు నా పుస్తకాలు ఇవ్వడానికి? అరుద్దామనుకున్నాను. కానీ లోపల మళ్లీ ఆ చప్పుడు, నెమ్మదిగా, ఎవరూ తరమట్లేదన్నట్టు. పెద్దమ్మ ఆ చీకటి గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే, ఆవిడ ఒళ్లోంచి పుస్తకం లాగడం నావల్ల కూడా అయ్యేది కాదు.

ఆనాటి నుంచి నాయనమ్మ రోజూ మధ్యాహ్నం చాప, చింతపండు బుట్ట పట్టుకొని ఆ అరుగు మీదకి వెళ్లేది. ముళ్లకంప ఇవతల కూర్చుని మూసిన తలుపుతో మాట్లాడేది. "ఇవాళ ఏ కథ అమ్మాయ్? ఆ మంత్రగత్తెదా? కానీ, కానీ." కథలు వినడానికి వచ్చే ఆడవాళ్లలో ధైర్యమున్న ఇద్దరు ముగ్గురు వచ్చి ఆవిడ వెనక కూర్చునేవాళ్లు. లేనివాళ్లు మా వీధి మానేసి చుట్టు తిరిగి చెరుకుతోట మీదుగా పోయేవాళ్లు. నేను భయపడుతూనే రోజూ వెళ్లేదాన్ని. వెళ్లకుండా ఉండలేకపోయేదాన్ని. ఇప్పుడు ఇంత వయసొచ్చినా, పక్కగదిలో ఎవరైనా పుస్తకం తిప్పుతుంటే లేచి వెళ్లి ఎవరో చూసుకుంటే గానీ నాకు స్థిమితం ఉండదు.

వానలు పట్టుకున్నాయి. వాన ఆగిన ప్రతి మధ్యాహ్నమూ చప్పుడు ఇంకా బాగా వినపడేది. మొదట్లో ఒక్కరు చదువుతున్నట్టు ఉండేది, తర్వాత గదినిండా జనం కూర్చుని తలో పుస్తకం తిప్పుతున్నట్టు. "ఒక్కతే లేదే, మీ పెదనాన్నని కూడా కూర్చోబెట్టినట్టుంది," అని నాయనమ్మ నవ్వింది కూడా. ఆ మొహంలో అలాంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు. ఒకరోజు చప్పుడు కింద అర వైపు నుంచి వచ్చింది. "అవిగో, నీ పిల్లల పుస్తకాలు మొదలెట్టింది," అంది నాతో. రష్యా ఎలుగుబంట్లు గుర్తొచ్చి నాకు నిజంగానే సంతోషం వేసింది.

దసరా వెళ్లాక చప్పుడు తగ్గింది. ఒకనాటి నుంచి పూర్తిగా ఆగిపోయింది. నాయనమ్మ గోడకి చెవి పెట్టి చాలాసేపు చూసి, "అన్నీ అయిపోయినట్టున్నాయే," అంది. బెంగపడిపోయింది పాపం. తలుపు దగ్గరగా వంగి, "మళ్లీ మొదట్నుంచి చదువుకో అమ్మాయ్, ఇప్పుడెవరు కాదన్నారు నిన్ను," అని బతిమాలింది. గడువు తీరేదాకా రోజూ వెళ్లింది. మళ్లీ ఏమీ వినపడలేదు.

ఆరు నెలలూ నిండాక పురోహితుడు వచ్చి శాంతి చేయించాడు. కంప తీశారు. ముందు ఆవుని తోలారు, తర్వాత నాన్న, ఆ వెనక నేను. లోపల ముక్కిన వాసన. జారిన పెంకు కింద నేలమీద నీటి మరక ఉంది, అల్మారాకి జానెడు ఇవతలే. ఒక్క చుక్క కూడా పుస్తకాల మీద పడలేదు! అరల్లో అన్నీ వరసగా, నాన్న సర్దిన పద్ధతిలోనే నిలబడి ఉన్నాయి. నాకు గంతులెయ్యాలనిపించింది. "బాగానే ఉన్నాయి నాయనమ్మా, అన్నీ బాగానే ఉన్నాయి!" అని అరిచాను. చెయ్యి చాపి ఒకటి తీశాను.

బరువు లేదు. వీపు, అట్ట చేతికొచ్చాయి, మధ్యలోంచి మట్టి జలజలా రాలింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. పురికొస మిగిలింది, అది కుట్టిన కాగితం లేదు. పై అర, కింద అర, ట్రంకుపెట్టె, అన్నీ తీసి చూశాను. రష్యా పుస్తకాల నున్నటి కాగితం కూడా మిగల్లేదు. ఒక చోట సగం పేజీ దొరికింది, దాన్ని పట్టుకొని నేలమీద కూర్చుని గొంతు చించుకొని ఏడ్చాను.

నాన్న గోడవారన మట్టి గీతని గోటితో గీకాడు. తెల్లటివి రెండు మూడు కదిలాయి.

"చెదలు," అన్నాడు.

మా ప్రాంతంలో చెదలు తెలియనివాళ్లెవరు? వెదురు తింటాయి, వాసాలు తింటాయి, దులిపి మందు చల్లుకుంటూనే బతుకుతాం. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. రైతు మా నాన్న, ఆయన నోటా రాలేదు.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు సరిగా ఆనవు కదా, మట్టిని కర్రతో కదిపి చూసింది. "మరి చప్పుడు?" అని అడిగింది.

"ఇన్ని కలిసి కాగితం తింటుంటే చప్పుడవుతుందమ్మా."

"మనం రోజూ విన్నది ఇదేనా?"

"ఇదే అమ్మా."

నేను ఏడుపు ఆపి ఆవిడ వైపు చూశాను. పుస్తకాలు పోయాయని ఆవిడకి పట్టినట్టే లేదు. ఖాళీ గదిని ఒక్కో మూలా వెతుకుతున్నట్టు చూసింది.

"అయితే అది ఒక్కనాడు కూడా రాలేదన్నమాట," అంది.